బడిలో ఉన్న మూడు గంటలకు ఆయమ్మ జీతం కోయవచ్చా?

ప్రశ్న: నమస్కారం. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. మావారు పెనుకొండ దగ్గర ఒక కర్మాగారంలో పనిచేస్తూ రోజూ వెళ్లి వస్తుంటారు. మా బాబుకు పది నెలలు నిండినప్పుడు నేను తిరిగి ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. అప్పటి నుంచి మా ఇంటికి రెండు సందుల అవతల ఉండే ఆయమ్మ తన ఇంట్లోనే వాణ్ణి చూసుకుంటోంది. ఉదయం 8.30కు దింపి, సాయంత్రం 5.30కు తెచ్చుకుంటాము. ఆదివారం సెలవు. నెలకు 7,500 రూపాయలు ఇస్తున్నాము. మొదటి నుంచీ ఇదే జీతం. ఇప్పుడు బాబుకు మూడేళ్లు దాటాయని ఈ జూన్‌లో ప్లేస్కూల్లో వేశాము. బడి 9.30 నుంచి 12.30 వరకు ఉంటుంది. ఆయమ్మే తీసుకెళ్లి దింపి, మళ్లీ తెచ్చుకొని, అన్నం తినిపించి పడుకోబెడుతుంది. బడికి ఫీజు కడుతున్నప్పుడు అవే గంటలకు ఆయమ్మకు కూడా ఎందుకివ్వాలని మా అత్తగారు అంటున్నారు. తొమ్మిది గంటల్లో మూడు తగ్గాయి కాబట్టి జీతంలో మూడో వంతు తగ్గించి 5,000 ఇద్దామని మావారు లెక్క తేల్చారు. ఆ మాట చెబితే ఆయమ్మ అవుననలేదు, కాదనలేదు. “మీ ఇష్టం అమ్మా” అని ఊరుకుంది. ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలు మాత్రం తన పాప నర్సరీలో ఉన్న గంటలకు కూడా చూసుకునే ఆవిడకు సగం డబ్బు ఇస్తుందట. అది అక్కడి పద్ధతి, మనకెందుకని మావారి వాదన. ఏది న్యాయమో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మూడో వంతు కోయడం న్యాయం కాదని ముందే చెబుతున్నాను. మీవారి భాగహారంలో తప్పు లేదు గాని, ఆయన భాగించిన వస్తువు వేరు. మీరు ఇస్తున్న 7,500 రూపాయలు బిడ్డ ఆయమ్మ కళ్లెదుట ఉన్న నిమిషాలకు కట్టిన వెల కాదు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఆమె మరే పనీ ఒప్పుకోకుండా, ఊరికి పోకుండా మీ బిడ్డ కోసం తన పగటిని కేటాయించినందుకు ఇస్తున్న డబ్బు అది. కాబట్టి బిడ్డ బడిలో ఉన్న ఆ మూడు గంటలూ ఇప్పుడు ఆమె చేతికి తిరిగి వచ్చాయా, ఇంకా మీ చేతిలోనే ఉన్నాయా అన్నది చూడాలి.

మీరు రాసిన వివరాలను బట్టి అవి చాలావరకు మీ చేతిలోనే ఉన్నాయి. తొమ్మిది దాటగానే బాబుకు యూనిఫాం వేసి, సంచి సర్ది, నడిపించుకొని తీసుకెళ్లాలి. కొత్తగా బడిలో చేరిన పిల్లలు గేటు దగ్గర ఏడ్చి కాళ్లు చుట్టేసుకుంటే అక్కడ ఇంకొంత సేపు గడుస్తుంది. పన్నెండు గంటలకే మళ్లీ బయలుదేరాలి. మధ్యలో పిల్లవాడికి జ్వరం తగిలినా, వాంతి చేసుకున్నా, నిక్కరు తడుపుకున్నా బడివాళ్లు ఫోను చేసేది ఎవరికి? మీరు తరగతిలో ఉంటారు, మీవారు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంటారు. అందుబాటులో ఉండేది ఆయమ్మ ఒక్కతే. ఆ సమయంలో ఆమె తలుపుకు తాళం వేసి ధర్మవరంలో బంధువుల ఇంటికి పోలేదు, గవర్నమెంటు ఆసుపత్రిలో ఓపీ వరుసలో నిలబడనూ లేదు. ఆసుపత్రి ముందు ఆటోను ఆపించి లోపలికి వెళ్లిన మనిషి, చక్రం తిరగలేదు కాబట్టి వెయిటింగు ఇవ్వనంటే ఆటో అతను ఏమంటాడో మీవారికి తెలియనిది కాదు.

ఆ రెండు మూడు గంటలు ఇంకొకచోట పనిచేసి సంపాదించుకోవచ్చు కదా అనే వాళ్లుంటారు. మన ఊళ్లలో ఇళ్లలో పనికి గిరాకీ ఉండేది ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్లీ సాయంత్రం. పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లిపోయే మనిషిని పెట్టుకునే ఇళ్లు తక్కువ. ఆ వేళకు మాత్రమే పసిబిడ్డను అప్పగించే తల్లిదండ్రులు ఇంకా అరుదు, ఎందుకంటే ఉద్యోగం చేసే తల్లికి పగలంతా కావాలి. అంటే మీరు వదిలేశామనుకుంటున్న సమయాన్ని ఆమె మరొకరికి అమ్ముకోలేదు. అయితే ఆ సమయంలో ఆమె తన వంట చేసుకుంటుంది, కాసేపు నడుం వాలుస్తుంది, జాకెట్లు కుట్టడం వస్తే ఒకటో రెండో కుడుతుంది. ఆ మేరకు ఆమెకు లాభం ఉందని ఒప్పుకోవాలి. మీ చెల్లెలు ఇచ్చే సగానికి కారణం అక్కడే ఉంది.

ఇంగ్లండు సంగతి మనకెందుకు అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం చెబుతాను. అక్కడ ఇంట్లో పిల్లలను చూసుకునేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. ఒక్కరే చూసుకుంటున్నప్పుడు మామూలుగా ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు, వారిలో ఐదేళ్లలోపు చిన్నపిల్లలు ముగ్గురికి మించకూడదు. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటల చొప్పున ఏడాదిలో 38 వారాల పాటు పూర్వ ప్రాథమిక విద్యను ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మీ చెల్లెలి పాప నర్సరీకి వెళ్లే ఆ గంటల్లో పాప స్థానంలో ఇంకో బిడ్డను చేర్చుకుంటే, పాప తిరిగి వచ్చేసరికి లెక్క ముగ్గురిని దాటిపోతుంది. అందువల్ల ఆ చోటును ఖాళీగానే అట్టిపెట్టాలి. అట్టిపెట్టినందుకు కొందరు పూర్తిగా తీసుకుంటారు, కొందరు సగం తీసుకుంటారు, కొందరు ఏమీ తీసుకోరు. ఎవరు ఎంత తీసుకుంటారన్నది బిడ్డను చేర్చుకునే రోజే కాగితం మీద రాసుకుంటారు. మనకు అలాంటి పరిమితి లేకపోయినా, తన రెండు చేతులకు ఎంతమంది పిల్లలు సరిపోతారో తెలిసిన ఆయమ్మ తనంతట తానే ఒక హద్దు పెట్టుకుంటుంది. పైగా 38 వారాలు పోగా మిగిలిన 14 వారాలు అక్కడా పిల్లలు పగలంతా ఇంట్లోనే. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో మీ బాబు కూడా అంతే. అప్పుడు ఎవరి దగ్గర ఉంచుతారు?

మన చట్టాలకూ ఈ ఆలోచన కొత్త కాదు. రోజుకింత అని కనీస వేతనం నిర్ణయించిన పనిలో ఉన్న మనిషి ఏ రోజైనా పూర్తి పనిదినం కంటే తక్కువ గంటలు పనిచేస్తే, అందుకు కారణం ఆ మనిషి అయిష్టత కాక యజమాని పని చూపలేకపోవడమే అయినప్పుడు, పూర్తి రోజు వేతనం ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం 15వ సెక్షను చెప్పింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది. ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలోకి తెచ్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల గురించి 2011 జూన్ 16న ఆమోదించిన 189వ ఒడంబడిక ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇంటివాళ్లు ఎప్పుడు పిలిచినా పలికేందుకు సిద్ధంగా ఉండవలసిన సమయాన్ని, ఆయా దేశాల చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలుగానే లెక్కించాలని దాని 10వ అధికరణం చెబుతుంది. భారతదేశం ఆ ఒడంబడికకు అనుకూలంగా ఓటు వేసింది గాని ఇంతవరకు ధ్రువీకరించలేదు. ఇక, తన ఇంట్లోనే పిల్లలను చూసుకునే ఆయమ్మ మీ ఇంటికి వచ్చి పనిచేసే మనిషి లాంటిది కాదు, ఒక విధంగా ఆమెది సొంత వృత్తి. కాబట్టి ఈ చట్టాలు నేరుగా ఆమెకు వర్తిస్తాయని చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పని తగ్గించింది మీరైనప్పుడు నష్టం ఎదుటి మనిషి మీద వేయకూడదన్న న్యాయాన్ని మన శాసనకర్తలు 1948లోనే గుర్తించారని మీవారికి చెప్పవచ్చు.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాము. నెలకు 26 రోజులు, రోజుకు 9 గంటలు అంటే 234 గంటలు. 7,500 రూపాయలను పంచితే గంటకు సుమారు 32 రూపాయలు పడుతుంది. (ఆ 32 రూపాయల్లోనే అన్నం తినిపించడం, స్నానం చేయించడం, జోకొట్టడం అన్నీ ఉన్నాయని గుర్తుంచుకోండి.) బడి మూడు గంటల్లో దింపడానికి, తేవడానికి కలిపి ఒక గంట ఆమె పని చేస్తూనే ఉంది కాబట్టి దానికి పూర్తి డబ్బు ఇవ్వాలి. మిగిలిన రెండు గంటలకు మీ చెల్లెలి పద్ధతిలో సగం ఇస్తే, రోజుకు తగ్గేది ఒక గంట విలువ. 26 రోజులకు అది సుమారు 830 రూపాయలు. శనివారం బడి లేకపోతే 700కు అటూ ఇటూ. అంటే కచ్చితంగా తగ్గించవలసిందే అనుకున్నా జీతం 6,700 దగ్గర ఆగుతుంది, 5,000కు దిగదు. సెలవులు వచ్చిన నెలల్లో మళ్లీ 7,500 ఇవ్వాలి.

నన్నడిగితే అది కూడా తగ్గించవద్దంటాను. రెండేళ్లకు పైగా జీతం ఒక్క రూపాయి పెంచలేదని మీరే రాశారు. ఏడాదికి 500 చొప్పున పెంచి ఉంటే ఈపాటికి 8,500 అయి ఉండేది. పెంచవలసిన డబ్బు పెంచకుండా, పని కొంచెం తేలికైనందుకు దానికీ దీనికీ చెల్లు వేసుకొని 7,500 అలాగే ఉంచితే ఇద్దరికీ నష్టం లేదు. పైగా పని నిజంగా తేలికైందా అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. బడి నుంచి అలసిపోయి, చిరాకుగా వచ్చిన మూడేళ్ల పిల్లవాడికి నాలుగు ముద్దలు పెట్టి నిద్రపుచ్చడం, ఉదయం నుంచి ఇంట్లోనే ఆడుకున్న పిల్లవాణ్ణి చూసుకోవడం కంటే కష్టమని తల్లిగా మీకు తెలుసు. బడి ఫీజు భారమై నిజంగానే చేతిలో ఆడటం లేకపోతే ఆ మాటే ఆయమ్మతో చెప్పి 6,700కు ఒప్పించండి. ఇబ్బంది ఉందంటే అర్థం చేసుకోవడం ఆమెకూ తెలుసు. బిడ్డ నీ దగ్గర ఉండటం లేదుగా అన్న మాటే మనసుకు గుచ్చుకుంటుంది.

“మీ ఇష్టం అమ్మా” అన్నదాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. మన వైపు ఆ మాటకు సగం సార్లు అర్థం వేరే చోటు చూసుకుంటాననే. సాయంత్రం బిడ్డను తెచ్చుకునే తొందరలో, గడప దగ్గర నిలబడి మాట్లాడవద్దు. అత్తగారి ద్వారా కబురు పంపనూ వద్దు. ఒక ఆదివారం మీరే వెళ్లి కూర్చొని మాట్లాడండి. బడి ఉన్న రోజు ఎంత, సెలవు రోజు ఎంత, ఆమె నాగా పెడితే ఏమిటి, మీరు ఊరికి వెళ్లి బిడ్డను పంపకపోతే ఏమిటి అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇప్పటికే 5,000 మాట అనేశారు కాబట్టి దాన్ని మీ నోటితోనే వెనక్కి తీసుకోవడం మంచిది.

జీతం తగ్గించడం సబబైన సందర్భం ఒకటుంది. దింపడం, తేవడం బడి వ్యాను చూసుకొని, బడివాళ్లు ఫోను చేస్తే వెళ్లే బాధ్యత మీ అత్తగారు తీసుకొని, పన్నెండున్నర వరకు ఆయమ్మ తన ఇష్టమైన చోటికి పోవచ్చని మీరు చెప్పగలిగితే, ఆ గంటలు పూర్తిగా ఆమెవే అవుతాయి. అప్పుడు వాటికి డబ్బు అడగడం ఆమెకూ న్యాయం కాదు. ఒక నెల ముందే చెప్పి తగ్గించుకోవచ్చు. మీ అత్తగారు అందుకు సిద్ధమేనా అన్నది అడిగి చూడండి.

ప్రశ్న: నేను కడపలో ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటాను. ఇప్పుడు నా దగ్గర నలుగురున్నారు. పగలంతా ఉంటే ఒక్కొక్కరికి 6,000 తీసుకుంటాను. ఒక పాపను వాళ్లమ్మే ఉదయం నర్సరీలో దింపుతుంది, ఒంటిగంటకు వ్యాను నా దగ్గర దింపుతుంది. వాళ్లు సగం పూటే కదా అని 3,000 ఇస్తున్నారు. ఇంకో బాబును నేనే అంగన్‌వాడీకి తీసుకుపోయి తెస్తాను. అక్కడ ఉచితమైతే ఆ గంటలకు నీకెందుకివ్వాలని వాళ్ల నాన్న అడుగుతున్నాడు. గట్టిగా అడిగితే పిల్లల్ని మాన్పిస్తారని భయం. ఎట్లా అడగాలి?
— ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, మీ రెండు సందర్భాలూ ఒకటి కావు. అంగన్‌వాడీ బాబు విషయంలో న్యాయం పూర్తిగా మీ వైపే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు, తిండి ఉచితంగా ఇస్తున్నది ప్రభుత్వం. ఆ దానంలో మీ వాటా ఏమీ లేదు. ఉచితంగా దొరికినందువల్ల ఆ తండ్రికి బడి ఫీజు మిగిలింది, మీకు మాత్రం తీసుకుపోయి తెచ్చే పని పెరిగింది. ఆయనతో వాదనకు దిగకుండా, “రేపటి నుంచి మీరే దింపి, మీరే తెచ్చి నాకు అప్పగిస్తే తగ్గిస్తాను అన్నా” అని ఒక్క మాట చెప్పి చూడండి. డ్యూటీ మధ్యలో రెండు సార్లు వచ్చి పోవడం కుదరదని ఆయనకే తెలుస్తుంది.

నర్సరీ పాప సంగతి అంత సూటిగా లేదు. ఒంటిగంట వరకు ఆ పాప బాధ్యత మీది కాదు. బడివాళ్లు ఫోను చేసినా తల్లికే చేస్తారు. అందువల్ల ఉదయం గంటలకు డబ్బు అడగలేరు. కాని సగం పూటకు సగం జీతం అనే లెక్క కూడా సరైనది కాదు. పాపకు అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం, సాయంత్రం ముఖం కడిగి తల దువ్వడం లాంటి పనులు మధ్యాహ్నం నుంచే ఉంటాయి. మీ ఇంటి అద్దె ఆ పాప వచ్చే వేళను బట్టి తగ్గదు. నా అంచనాలో సగం పూటకు మూడింట రెండు వంతులు, అంటే 4,000, న్యాయమైన ధర. అలా అడిగేముందు ఒక విషయం మీరు ఆలోచించుకోవాలి. ఆ పాప ఉదయం ఉండదన్న ధైర్యంతోనే నాలుగో బిడ్డను చేర్చుకొని ఉంటే, ఉదయం చోటుకు మీకు వేరే బిడ్డ నుంచి డబ్బు వస్తున్నట్టే. ఒకే చోటుకు ఇద్దరి దగ్గర తీసుకోవడం కుదరదు, అప్పుడు 3,000తో సరిపెట్టుకోవడమే మర్యాద. సెలవుల్లో నలుగురూ ఒకేసారి పగలంతా ఉంటే మీ ఒక్కరికీ వీలవుతుందా అన్నది కూడా ముందే చూసుకోండి.

భయం గురించి రాశారు. నడుస్తున్న నెలలో జీతం పెంచమంటే ఎవరైనా బిగుసుకుంటారు. ఏప్రిల్‌లోనే అందరికీ ఒకేలా, జూన్ నుంచి ఇదీ ధర అని చెప్పండి. పగలంతా ఎంత, సగం పూట ఎంత, బడికి దింపి తెస్తే ఎంత, సెలవు రోజు ఎంత అని ఒక కాగితం మీద మీ అమ్మాయి చేతనో అబ్బాయి చేతనో రాయించి గోడకు అంటించండి. కొత్తగా వచ్చేవాళ్లకు చేర్చుకునే రోజే అది చూపించండి. పదిమందికీ ఒకే ధర అని తెలిస్తే బేరం ఆడేవాళ్లు తగ్గుతారు. మూడేళ్లు నిండబోతున్న బిడ్డ తల్లిని, ఎప్పుడు బడిలో వేస్తారమ్మా అని ముందుగానే అడిగి తెలుసుకోవడం కూడా మీ వృత్తిలో భాగమే.

ప్రశ్న: కర్నూలులో ఉంటాము. మా పాప ఎల్‌కేజీ. బడి వదిలాక మూడున్నర నుంచి ఆరున్నర వరకు ఆయమ్మ మా ఇంటికి వచ్చి చూసుకుంటుంది. నెలకు 3,500. మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే పన్నెండున్నర నుంచి ఉండాలంటే నెలకు 1,500 ఎక్కువ ఇవ్వమంటోంది. ఉన్నట్టుండి ఇలా అడగడం పద్ధతేనా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: పద్ధతే. మూడు గంటల పని ఆరు గంటలైంది. మూడు గంటలకు 3,500 ఇస్తున్న మీరు, అదనపు మూడు గంటలకు ఆమె 1,500 మాత్రమే అడిగినందుకు సంతోషించాలి. బడి పెరిగితే జీతం తగ్గించాలని వాదించే వాళ్లు, బడి తగ్గినప్పుడు పెంచడానికి కూడా సిద్ధంగా ఉండాలి కదా. ఒంటిపూట బడులు సాధారణంగా మార్చి మధ్యలో మొదలవుతాయి కాబట్టి ఆ నెలకు 750, ఏప్రిల్‌లో బడులు నడిచినన్ని రోజులకు అదే లెక్కన ఇవ్వండి. కర్నూలు ఎండలో మిట్టమధ్యాహ్నం నడిచి వచ్చే మనిషి కాబట్టి ఆ పూట పాపతో పాటు ఆమెకూ అన్నం పెట్టండి, దాన్ని జీతంలో కలపకండి. వేసవి సెలవుల లెక్క ఇది కాదు. అప్పుడు ఉదయం నుంచే మనిషి కావాలి, ఆమె ఆ నెలలో పుట్టింటికి పోవాలనుకుంటూ ఉండవచ్చు కూడా. ఏప్రిల్ మొదటి వారంలోనే అడిగి తెలుసుకుంటే, ఆమె రాలేనన్నా వేరే ఏర్పాటు చూసుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది.